పాలపొడి డబ్బా జోలికి పోకు

చిన్నీ,

షుగర్ ఎలుకల కిడ్నీల్లో సీఎంఎల్ (చక్కెర, ప్రోటీన్‌లోని లైసిన్‌కి అంటుకుంటే తయారయ్యే కార్బాక్సీమిథైల్ లైసిన్) కొలవబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి సగం కూడా అర్థం కాలేదు కానీ గొంతులో మురిపెం దాగలేదు. నాకూ సంతోషమే. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది.

సీఎంఎల్‌ని పట్టుకునే యాంటీబాడీ రాగానే చిన్న ట్యూబుల్లో పంచి దాచు, మాటిమాటికీ కరిగించకు. దాని మీది లాట్ నంబర్ (తయారీ బ్యాచ్ నంబర్) రాసుకో. శాంపిల్స్‌ను అనవసరంగా మరిగించకు, ఆ వేడికే కొత్త సీఎంఎల్ పుడుతుంది.

ఇక పాల సంగతి. ఏ ల్యాబ్‌లో చూసినా ఓ పాలపొడి డబ్బా ఉంటుంది, అందులో టీకి పోయేదెంతో, బ్లాకింగ్‌కి (యాంటీబాడీ ప్లేటుకే అంటుకోకుండా ఖాళీ జాగాలు కప్పడానికి) పోయేదెంతో ఎవరికీ తెలియదు. నేనూ అందులోంచే తీసి 5 శాతం కలిపి ఎలైజా ప్లేటులో పోశాను. ఆ ప్లేటులోని చిన్న గుంటలే వెల్స్, యాంటీబాడీ ఎంత అంటుకుంటే అంత రంగు వస్తుంది. యాంటీబాడీ ఖరీదైనదని ఒక్క వెల్ కూడా శాంపిల్ లేకుండా వదల్లేదు. సాయంత్రానికి ప్లేటంతా నీలం, ఆసిడ్ వేయగానే పసుపు. షుగర్ లేని ఎలుకల వెల్స్‌లో రంగు కాస్త తక్కువనిపించింది. అనిపించింది, అంతే! అప్పటికి షుగర్ వల్ల మీ నాయనమ్మ కాలి వేలు తీసేసి నెల. ఆ పసుపులో నాకు అమ్మ కాలే కనిపించింది. పరుగున వెళ్లి గైడ్‌కి చెప్పాను, ఆయన మీటింగ్‌లో చూపించేశారు.

వారం తర్వాత సీనియర్ ఒకమ్మాయి శాంపిల్ వేయకుండా, ఉత్త పాలతో ఒక వెల్ పెట్టింది. అదీ పసుపే.

కోవా కలుపుతుంటే అడుగున ఎర్రబడుతుంది చూడు, 1912లో మెయిలార్డ్ చెప్పింది ఆ సంగతే. పాలను పొడి చేసే వేడికి పాలలోని చక్కెర లాక్టోజ్ వెళ్లి ప్రోటీన్‌లోని లైసిన్‌ని పట్టుకుంటుంది, సీఎంఎల్ అక్కడే తయారవుతుంది. నా యాంటీబాడీ తప్పేం చేయలేదే తల్లీ, పాలను పట్టుకుంది. గైడ్ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పాలకి బదులు బీఎస్ఏ (ఆవు రక్తంలోంచి తీసే ఆల్బుమిన్ ప్రోటీన్) వాడతానంటావేమో. ఆవు రక్తంలోనూ చక్కెర ఉంటుందమ్మా! ఏ బ్లాకర్ కొన్నా ముందు ఖాళీ వెల్‌లో, అంటే శాంపిల్ వేయనిదానిలో, పరీక్షించు. యాంటీబాడీకి విడి సీఎంఎల్ అడ్డేసి రంగు తగ్గిందా లేదా చూస్తారే, ఆ పరీక్షను నమ్ముకుని కూర్చోకు. పాల వల్ల వచ్చిన రంగు కూడా దానికి తగ్గుతుంది. దొంగను పట్టించేది ఖాళీ వెల్ ఒక్కటే.

పోల్చి చూసే సీఎంఎల్ స్టాండర్డ్ నువ్వే తయారుచేస్తావట. అందులో వాడే సయనోబోరోహైడ్రైడ్‌కి ఆసిడ్ తగిలితే సయనైడ్ గ్యాస్ వస్తుంది. గాలిని బయటికి లాగే హుడ్‌లోనే చెయ్యి, రాత్రిళ్లు ఒంటరిగా వద్దు. వింటున్నావా? ల్యాబ్‌లో ఎవరూ లేకపోతే అది మర్నాటికి వాయిదా. మొండితనం నీకు నా నుంచే వచ్చిందని మీ అమ్మ అంటుంది, అందుకే నా భయం.

మొదటి ప్లేటు కాగానే ఖాళీ వెల్స్ ఫోటో పంపు, మిగతావి తర్వాత చూస్తాను. అన్నట్టు, మీ నాన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) చేయించుకుని ఎన్నాళ్లయిందో కనుక్కో. నేనడిగితే మాట మార్చేస్తున్నాడు.

మీ అత్త