సొరుగులో దొరికిన సిమ్

ప్రశ్న: పాత ఫోనులో ప్రీపెయిడ్ సిమ్ ఉంది. సిగ్నల్ వస్తోంది, నంబరు మాత్రం గుర్తులేదు. బ్యాలెన్స్ సున్నా. రీఛార్జి ఎలా?

జవాబు: ముందు సెట్టింగులలో ‘ఫోను గురించి’ అన్నచోట చూడండి. ఖాళీగా ఉన్నా కంగారు పడకండి. నంబరు సిమ్‌లో లేకపోయినా కంపెనీ దగ్గర భద్రంగా ఉంటుంది. ఆ సిమ్ నుంచే కస్టమర్ కేర్‌కు ఫోను చేయండి. సాధారణంగా బ్యాలెన్స్ లేకున్నా కలుస్తుంది. సిమ్ మీద కంటికి ఆనని అచ్చులో 19 లేదా 20 అంకెల సంఖ్య ఉంటుంది, అడిగితే చెప్పండి. నాకైతే భూతద్దం కావలసి వచ్చింది! *#06# నొక్కితే కనిపించే 15 అంకెలు ఫోనువి, నంబరు కాదు. నేను ఒకసారి వాటినే డైరీలో శ్రద్ధగా రాసి పెట్టుకున్నాను. నంబరు తెలిశాక ముందు చిన్న మొత్తమే వేసి చూడండి. ఒక్క అంకె తప్పితే ఆ డబ్బు ఎవరి ఫోనులో పడుతుందో!