ఎండలో పెడితే కర్ర నెర్రెలిస్తుంది

ప్రశ్న: మా పెరటి చెట్టు కొమ్మ ఒకటి గాలికి విరిగిపడింది. కుడి మోకాలి నొప్పితో బాధపడుతున్న మా నాన్నగారికి దానితో చేతికర్ర చేద్దామనుకున్నాను. బెరడు చెక్కేసి ఎండలో పెట్టాను. వారం తిరగకుండానే రెండు చివరలూ నెర్రెలిచ్చాయి. పగుళ్లలో లప్పం పెట్టి వాడవచ్చా? కర్ర ఎంత పొడవుండాలి?

జవాబు: లప్పం పగులును కప్పుతుంది గానీ అతకదు. పైకి నున్నగా కనిపించే ఆ కర్ర, మీ నాన్నగారు బరువంతా మోపిన రోజున సరిగ్గా అక్కడే చీలుతుంది. చివర నుంచి బెత్తెడు చొప్పున కోస్తూ వెళ్లండి. కోసిన ముఖం మీద వెంట్రుక వాసి గీత కూడా కనిపించనప్పుడు ఆగండి. మిగిలింది పొడవు చాలితే సరే, చాలకపోతే పొయ్యిలోకే.

పచ్చి కర్రలో నీరు పక్కల కన్నా కోసిన చివరల నుంచి ఎన్నో రెట్లు త్వరగా పోతుంది. చివర ఎండి కుంచించుకుపోతుంటే నడుమ ఇంకా తడిగానే ఉంటుంది. ఆ పెనుగులాటలో చివర చీలుతుంది. మీరు బెరడు తీసి ఎండకు కూడా పెట్టారు, ఇక చీలక ఏం చేస్తుంది? కొమ్మ కోసిన రోజునే రెండు చివరలకూ కరిగించిన మైనమో, ఇంట్లో మిగిలిన పెయింటో దట్టంగా పూయాలి. రెండు వైపులా జానెడు ఎక్కువే ఉంచుకోవాలి. తర్వాత బెరడుతోనే నీడలో, గాలి ఆడే చోట ఉంచండి. బెరడు కింద పురుగు చేరే మాట నిజమే. పిండిలాంటి పొడి రాలితే మాత్రం వెంటనే ఒలిచేయండి. అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల లెక్క. నాకు తూకం మీద నమ్మకం ఎక్కువ. నెలకోసారి తూచి రాసుకోండి, బరువు తగ్గడం ఆగిపోతే ఎండినట్టే.

మీ కొమ్మ గాలికి విరిగిందన్నారు. విరిగిన చోటికి దగ్గరలో కంటికి కనిపించని చీలికలు ఉండవచ్చు, అక్కడ మూరెడు వదిలేయండి. పైగా అడ్డంగా చాచుకుని పెరిగిన కొమ్మ తన బరువును తాను మోసుకోవడానికి ఒక పక్కన వేరే తీరు కలపను పెంచుకుంటుంది. ఎండేటప్పుడు అది ఎక్కువగా ముడుచుకుని కర్ర వంకర పోతుంది. మరో కొమ్మ వెతకాల్సి వస్తే నిటారుగా లేచినదాన్నే చూడండి. మునగ వద్దు, పుటుక్కున విరుగుతుంది. గన్నేరు ఎంత తిన్నగా ఉన్నా ముట్టుకోకండి, చెట్టంతా విషమే.

పొడవు కర్రను చూసి తేలదు, మనిషిని చూసి తేలుతుంది. నాన్నగారు రోజూ తొడిగే చెప్పులతోనే నిలబడాలి, చేతులు వదులుగా వేలాడాలి. మణికట్టు మడత నుంచి నేల దాకా ఎంత ఉంటే అంత, అడుగున తొడిగే రబ్బరు బుడిపెతో కలిపి. కర్ర పట్టినప్పుడు మోచేయి కాస్త వంగి ఉండాలి. ముందు రెండంగుళాలు ఎక్కువ ఉంచి, ఆయనను నాలుగడుగులు నడిపించి చూసి అడుగు వైపు కోయండి. అన్నట్టు, నొప్పి కుడి మోకాలికి కాబట్టి కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు.

పిడికి విడి ముక్క అతికించే కన్నా, పక్క రెమ్మ చీలే పంగను పైకి వచ్చేలా ఎంచుకుంటే కలప పోగు తెగకుండా పిడిలోకి సాగుతుంది, బలంగా ఉంటుంది. కణుపులను చెక్కేటప్పుడు కత్తి లోతుగా దిగనీయకండి. ఉప్పుకాగితం గరుకుదానితో మొదలుపెట్టి సన్నదానితో ముగించండి. ఆయన చేతికి ఇచ్చే ముందు మీరే మీ బరువంతా దాని మీద వేసి చూడండి.

పైపూతకు అవిసె నూనె చాలు, పలచగా రెండు మూడు పూతలు. నూనె పట్టించిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరుతున్నప్పుడు వేడి పుట్టి దానంతట అదే అంటుకోగలదు. ఆరుబయట విప్పి పరిచి, పూర్తిగా ఆరాకే పారేయండి.