1,200 గంటలు నిండితే చాలా? ఇన్‌స్ట్రక్టర్ నుంచి తొలి కార్గో ఉద్యోగానికి

అమెరికాలో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్లుగా చేస్తున్న మన పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే: "నేను ఎగిరిన గంటలు 1,200కి దగ్గరపడ్డాయి, కార్గోకి అప్లై చేయొచ్చా?" ముందు లాగ్‌బుక్‌లో మిగతా కాలమ్‌లు చూసుకోండి. చిన్న విమానాల చార్టర్‌కైనా కార్గోకైనా వర్తించేది పార్ట్ 135, అంటే డబ్బు తీసుకుని మనుషుల్ని, సరుకును తీసుకెళ్లేవారికి అమెరికా విమానయాన సంస్థ పెట్టిన నియమాలు. ఐఎఫ్‌ఆర్‌లో (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగిరే నియమాలు) కెప్టెన్‌గా నడపాలంటే ఆ 1,200 లోపలే క్రాస్ కంట్రీ (వేరే ఊరికి చేసే ప్రయాణం) 500, రాత్రి 100, ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాలు మాత్రమే చూసి నడిపిన సమయం) 75 గంటలు ఉండాలి. ఆ 75లో కనీసం 50 విమానంలో చేసినవై ఉండాలి.

ఇన్‌స్ట్రక్టర్లు ఇరుక్కునేది ఆ 75 దగ్గరే. స్టూడెంట్ హుడ్ (బయట కనిపించకుండా కళ్లకు పెట్టే అడ్డు) పెట్టుకుని నడుపుతుంటే ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ స్టూడెంట్‌దే, పక్కన కూర్చున్న మీది కాదు. నిజంగా మబ్బులో ఉన్నప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ పాఠం చెబితేనే మీరూ రాసుకోవచ్చు. అరిజోనా లాంటి ఎండ రాష్ట్రంలో ఏడాదంతా పాఠాలు చెప్పినా ఆ కాలమ్ కదలకపోవడానికి కారణం ఇదే. కాబట్టి డబుల్ ఐ రేటింగ్ (ఇన్‌స్ట్రుమెంట్ పాఠాలు చెప్పే అర్హత) తొందరగా తెచ్చుకోండి. మబ్బు కిందికి దిగిన రోజున, ఐసింగ్ (విమానం మీద మంచు పట్టడం), ఉరుములు లేవని చూసుకుని, పాఠం రద్దు చేయకుండా ఐఎఫ్‌ఆర్ ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేసి వెళ్లండి. అదీ కుదరకపోతే తోటి ఇన్‌స్ట్రక్టర్‌ని సేఫ్టీ పైలట్‌గా (మీ బదులు బయట చూసే పైలట్) పెట్టుకుని మీరే హుడ్ కింద నడపండి. ఖర్చవుతుంది, కానీ వేరే దారి లేదు.

క్రాస్ కంట్రీ విషయం కాస్త సులువు. ప్రైవేట్, కమర్షియల్ లైసెన్సులకు అడిగే 50 నాటికల్ మైళ్ల షరతు ఇక్కడ లేదు. నావిగేషన్ చేసుకుంటూ వెళ్లి వేరే విమానాశ్రయంలో దిగితే చాలు. ఆ చిన్న ప్రయాణాలకు మొదటి రోజు నుంచే వేరే కాలమ్ పెట్టండి. తర్వాత వెనక్కి వెళ్లి ఏరుకోవడం చాలా కష్టం. ఆ పాఠాన్నే చీకటి పడ్డాక పెట్టుకుంటే రాత్రి గంటలూ కలిసొస్తాయి.

కాగితాల మాట కూడా ముందే. చిన్న కార్గో కంపెనీలు వీసా స్పాన్సర్ చేస్తాయని లెక్క వేసుకోకండి. పైలట్ ఉద్యోగానికి హెచ్-1బీ దొరకడం చాలా అరుదు. ఎం-1 (వృత్తి శిక్షణ విద్యార్థి వీసా) మీద వచ్చినవారికి ప్రాక్టికల్ ట్రైనింగ్ ఎంత సాగదీసినా ఆరు నెలలే. గ్రీన్ కార్డు ఉన్నవారికి, ఎల్-2 స్పౌస్‌గా లేదా హెచ్-4 ఈఏడీ (పని అనుమతి పత్రం)తో పనిచేసే హక్కు ఉన్నవారికి దారి తెరిచే ఉంటుంది. ఇంట్లో అప్పు చేసి శిక్షణకు పంపే ముందే ఈ లెక్క తేల్చుకోవాలి.

ఇంటర్వ్యూలో పార్ట్ 91 (సొంతంగా ఎగిరేవారికి వర్తించే నియమాలు) అలవాటుతో జవాబిస్తే దొరికిపోతారు. సొంతంగా ఎగిరేటప్పుడు వాతావరణం మినిమమ్స్ (దిగడానికి కావాల్సిన కనీస పరిమితి) కంటే కింద ఉన్నా అప్రోచ్ (రన్‌వే వైపు దిగడం) మొదలుపెట్టి చూడొచ్చు. పార్ట్ 135లో ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (చివరి దిగుడు మొదలయ్యే చోటు) దాటకముందే రిపోర్టు మినిమమ్స్ కంటే తక్కువగా ఉంటే ముందుకు వెళ్లడానికి లేదు. దాటాక పడిపోయిందని తెలిస్తే కొనసాగించవచ్చు. ఈ ప్రశ్న వస్తుందనే అనుకుని సిద్ధపడండి. చెక్‌రైడ్‌లో (లైసెన్సు కోసం విమానంలో పెట్టే పరీక్ష) ఎప్పుడైనా ఫెయిలై ఉంటే మీరే ముందు చెప్పండి. పైలట్ రికార్డ్స్ డేటాబేస్‌లో అది ఎలాగూ కనిపిస్తుంది.

ఉద్యోగం వచ్చాక మొదట చేతికొచ్చేది చాలామందికి సెస్నా కారవాన్, ఒకే టర్బైన్ ఇంజిన్ ఉన్న చిన్న విమానం. పిస్టన్ ఇంజిన్ అలవాటుపడ్డ చేతికి స్టార్ట్ దగ్గరే జాగ్రత్త కావాలి. ఎన్‌జీ (ఇంజిన్ లోపలి గ్యాస్ జనరేటర్ తిరిగే వేగం) 12 శాతం దాటి నిలకడగా ఉంటేనే కండిషన్ లీవర్‌ను (ఇంధనం వదిలే లీవర్) 'లో ఐడిల్' స్థానానికి తోయండి. చెయ్యి లీవర్ మీదే, కన్ను ఐటీటీ (ఇంజిన్ లోపలి వేడి) మీదే. అది 1,090 డిగ్రీల వైపు ఆగకుండా ఎగబాకుతుంటే వెంటనే లీవర్‌ను కటాఫ్‌కి (ఇంధనం ఆపే స్థానం) లాగి, స్టార్టర్ మాత్రం తిప్పుతూనే ఉంచండి. లోపలి వేడి బయటికి పోవాలి. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడే హాట్ స్టార్ట్ (స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ మితిమీరి వేడెక్కడం) ఎక్కువగా జరుగుతుంది. అందుకే 24 వోల్టులు లేకపోతే గ్రౌండ్ పవర్ (బయటి నుంచి ఇచ్చే కరెంటు) పెట్టించుకోండి, మొహమాటం వద్దు.

సరుకు ఎక్కించేవాళ్లు తొందరలో తలుపు దగ్గరే పెట్టెలు పేర్చేస్తారు. ఆ తలుపు వెనక భాగంలో ఉంటుంది కాబట్టి తోక నేలకు తగలొచ్చు. ముందు టెయిల్ స్టాండ్ (తోక కింద పెట్టే ఊత) పెట్టించి, బరువైనవి ముందు జోన్లలోకి తోయించి, నెట్లు బిగించాక స్టాండ్ తీశారో లేదో మీరే తిరిగి చూడండి. ఇంకో సంగతి, కార్గో ఐఎఫ్‌ఆర్‌కి రెండో పైలట్‌గానీ ఆటోపైలట్‌గానీ తప్పనిసరి కాదు. రాత్రి, వానలో, ఒక్కరే చేత్తో నడపాల్సి రావచ్చు. ఆ సాధన ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండగానే చేసుకోండి.

"మా విమానం ఉంది, మనుషుల్ని తీసుకెళ్లు, డబ్బిస్తాం" అని ఎవరైనా పిలిస్తే, తెలిసినవాళ్లయినా సరే, పార్ట్ 135 సర్టిఫికెట్ అడగండి. ఆపరేషన్స్ స్పెసిఫికేషన్స్‌లో (ఆ కంపెనీకి ఇచ్చిన అనుమతుల పత్రం) ఆ విమానం నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే పోయేది మీ లైసెన్సు కూడా. కంపెనీ ట్రైనింగ్ బాండ్ (ముందే మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలనే ఒప్పందం) ఇచ్చినప్పుడు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: నెలలు గడిచేకొద్దీ మొత్తం తగ్గుతుందా, ట్రైనింగ్‌లోనే ఫెయిలైతే ఎవరు కట్టాలి?