ఎన్‌కే సెల్ ‘బూస్టర్’ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు

అన్నా, లింఫోమాకు (తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్) కీమోతో పాటు రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు ఎక్కించుకుంటున్న మీ నాన్నగారికి లక్షలు పోసి ‘ఎన్‌కే సెల్ బూస్టర్’ (రోగనిరోధక వ్యవస్థలోని నేచురల్ కిల్లర్ కణాల సంఖ్య పెంచుతామనే ప్యాకేజీ) చేయించాలా అని అడిగారు. నా మాట: తొందరపడి అడ్వాన్స్ కట్టకండి.

అసలు రిటుక్సిమాబే ఆ కణాలతో పని చేయిస్తుంది. ఆ యాంటీబాడీ ఒక కొస క్యాన్సర్ కణం మీది సీడీ20 అనే ప్రొటీన్‌ని పట్టుకుంటే, రెండో కొస ఎన్‌కే కణం మీది సీడీ16 అనే ప్రొటీన్‌కి తగులుతుంది. వెంటనే ఎన్‌కే కణం పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో ఎదుటి కణం పొరకు చిల్లులు పొడిచి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లను లోపలికి పంపి చంపేస్తుంది. సంఖ్య పెంచితే చాలదు, గురి కుదరాలి.

గురి కుదిర్చే పరిశోధన నిజంగానే ఉంది. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఎన్‌కే కణాలకు క్యాన్సర్ కణం మీది సీడీ19 ప్రొటీన్‌ని గుర్తుపట్టే కార్ (ల్యాబ్‌లో రూపొందించిన గ్రాహకం), ఎక్కువ కాలం బతికేందుకు ఐఎల్-15 జన్యువు చేర్చారు. 2020లో వచ్చిన ఫలితాల్లో 11 మందిలో 8 మందికి స్పందన కనిపించింది. ఆశ పుట్టించేదే, కానీ చిన్న ట్రయల్.

మీకు చెప్పిన సెంటర్ వాళ్లను సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు అడగండి. ఇస్తే సైట్‌లో వెతికి చూసుకోండి, నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ప్యాకేజీలో అంటగట్టే పుట్టగొడుగుల పొడి సంగతంటారా, మీ ఆంకాలజిస్టు చెవిన వేయకుండా అస్సలు వద్దు.