అమ్మని ఊరు పంపించి కుక్కకి ఇంజెక్షన్ వేయిస్తారా?

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒకాయన రాశారు. ఇంట్లో పదమూడేళ్ల ల్యాబ్రడార్ ఉంది, పేరు టైగర్, నాన్నగారు తెచ్చి పెంచుకున్న కుక్క. వెనక కాళ్లు పడిపోయాయి, కిడ్నీలు పాడయ్యాయి, ఇంటికొచ్చి చూసే వెటర్నరీ డాక్టర్ "ఇంక బాగయ్యేది లేదండీ, మీరు సరే అంటే ఇంట్లోనే ఇంజెక్షన్ ఇచ్చి ప్రశాంతంగా పంపించేద్దాం" అన్నారట. నాన్నగారు పోయి మూడేళ్లయింది. కుక్క పనులన్నీ అమ్మగారే చూస్తారు, రాత్రిళ్లు దాని పక్కనే చాప వేసుకుని పడుకుంటారు. ఈయన ప్లాన్ ఏంటంటే, అమ్మగారిని ఖమ్మంలో తన చెల్లెలింటికి ఓ వారం పంపించేసి ఈలోపు పని కానిచ్చేసి "నిద్రలోనే పోయిందమ్మా" అని చెప్పేయడం. చెల్లెలు కూడా సరేనంది. నన్ను అడిగినవి రెండు: ఇలా చంపించడం పాపమా, అమ్మకి తెలియకుండా ఎలా మేనేజ్ చెయ్యాలి.

ఉత్తరం చివర్లో ఒక మాట రాశారు, ఏదో మామూలుగా: "నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు కూడా వెంటిలేటర్ సంగతి నేనే డాక్టర్లతో మాట్లాడి డిసైడ్ చేశాను, అమ్మకి తెల్లారాక చెప్పాం, తట్టుకోలేదని. చాలా సెన్సిటివ్ మనిషి."

బాబూ, పాపం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే దాని మీద ఎక్కువసేపు కూర్చోవాల్సిన పని లేదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ లేవలేక, తిప్పుకోలేక నరకం చూస్తుంటే గాంధీగారు డాక్టర్ని పిలిపించి ఇంజెక్షన్ వేయించి దాని బాధ తీర్పించారు, తీర్పించి దాచిపెట్టకుండా తన పత్రికలో రాశారు, దాంతో తిడుతూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అహింస గురించి అంతకంటే బుర్ర బద్దలుకొట్టుకున్న మనిషి నాకు తెలీదు కాబట్టి పాపపుణ్యాల లెక్క ఆయనకి వదిలేయండి. కాకపోతే ఆ దూడ కథలో మీకు పనికొచ్చే ముక్క ఇంకోటుంది. ఆయన ఆశ్రమం కమిటీని అడిగారు, అక్కడుండే వాళ్లతో చర్చించారు, ఒకాయన ప్రాణం తీసే హక్కు మనకి లేదు, కావాలంటే నేను సేవ చేస్తానని గట్టిగా అడ్డం తిరిగితే ఆ వాదనా విన్నారు, ఆశ్రమం ఆడవాళ్లు దాని మీద ఈగలు తోలుతూ తినిపించాలని చూశారు. ఒక దూడ కోసం అంతమందిని అడిగారు, మీరు రాత్రీ పగలూ ఆ కుక్కని చూసుకుంటున్న ఒక్క మనిషిని అడగకుండా ఊరు పంపించేద్దామనుకుంటున్నారు.

రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్పను. చెప్పినా అది జరిగే పని కాదు, అపార్ట్‌మెంట్లో డాక్టర్ బ్యాగ్ పట్టుకుని లిఫ్ట్ ఎక్కడం వాచ్‌మన్ చూస్తాడు, దుప్పట్లో చుట్టి కార్లోకి ఎక్కించడం ఎదురింటావిడ చూస్తుంది, ఆవిడ ఓదార్చడానికని వచ్చి అమ్మగారితో మొత్తం చెప్పేస్తుంది.

ఆ సెన్సిటివ్ అన్న మాట దగ్గరకి వద్దాం. ముప్ఫై కిలోల జంతువుని తువ్వాలు కింద నుంచి వేసి లేపి బాత్రూమ్ దగ్గరకి నడిపిస్తున్నది ఎవరు? తడిసిన బట్టలు ఉతికేది, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పేది, పెరుగన్నం వేలికి రాసి నాకించేది ఎవరు? ఇవన్నీ మీరు రాసినవే. ఇన్ని చేస్తున్న మనిషి డాక్టర్ చెప్పిన మాట తట్టుకోలేదా? ఆవిడ ఏడుస్తుంటే ఎదురుగా కూర్చోవడం మీ వల్ల కాదు, నాకు అర్థమైంది అది. అదేం సిగ్గుపడాల్సిన విషయం కాదు, చాలామంది కొడుకులకి అది రాదు. కానీ మీకు చేతకానిదాన్ని ఆవిడ బలహీనత కింద రాసేస్తే నేను ఒప్పుకోను. ఒకసారి చేశారు. కట్టుకున్న భర్త పోతుంటే ఆవిడ ఇంట్లో ఉన్నారు, తెల్లారాక కబురు విన్నారు. మీరు ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం తప్పని నేను అనడం లేదు, డాక్టర్లు చెప్పింది బట్టే చేసుంటారు, కానీ ఆయన చెయ్యి పట్టుకునే హక్కు మీకంటే ముందు ఆవిడది. "అమ్మ ఇప్పటిదాకా ఆ రాత్రి గురించి ఒక్క మాట అడగలేదు" అని కూడా రాశారు, అడగలేదంటే మర్చిపోయారని కాదు కదా. ఆయన తెచ్చిన కుక్క పక్కన చాప ఎందుకు వేసుకుంటున్నారో మీకు తట్టలేదా?

ఆ సంగతి మాట్లాడకుండా టైగర్ సంగతి మాట్లాడలేరు. ముందు అది చెప్పండి, భార్యని పక్కన పెట్టుకోకుండా మీరొక్కరే: "నాన్న అప్పుడు నిన్ను పిలవాల్సిందమ్మా, పిలవలేదు." అంతే చాలు, కారణాలు చెప్పకండి. తిట్టనివ్వండి.

తర్వాత డాక్టర్ని ఇంటికి పిలిచి అమ్మగారితో నేరుగా మాట్లాడమనండి, మధ్యలో మీరు దూరకండి. కిడ్నీలు పోయిన కుక్కకి వికారంగా ఉంటుంది, నోట్లో పుండ్లు వస్తాయి, అందుకే తిండి దగ్గర మొహం తిప్పుకుంటుంది, మారాం కాదు. వాంతి ఆగే మందు, చర్మం కింద ఎక్కించే సెలైన్, నొప్పికి మందు ఇవన్నీ ఆయన చెప్పాలి. ఇంట్లో ఉంది కదా అని మన పారాసెటమాల్, బ్రూఫెన్ లాంటివి మాత్రం వెయ్యకండి, కుక్కలకి అవి విషం. ఇంట్లో వాసన వస్తోందని మీ భార్య అంటున్నారని రాశారు, అందులో తప్పేం లేదు, కుక్కలకి కూడా డైపర్లు దొరుకుతాయి, కొనండి, మార్చే పని ఒక పూట మీరు చెయ్యండి.

ఎప్పుడు అనేది ఎలా తెలుస్తుంది అంటారా. ఆలిస్ విల్లలోబోస్ అని అమెరికాలో జంతువుల క్యాన్సర్ డాక్టర్ ఒకావిడ 2004లో ఒక కొలత పెట్టారు. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రం, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువున్నాయా అని ఏడు విషయాలు, ఒక్కోదానికి పదికి మార్కులు, మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని. ఈ మార్కులు వెయ్యాల్సింది మీరు కాదు, మీకు కుక్క సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాకే కనిపిస్తుంది. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీద అమ్మగారినే రోజూ ఇవాళ మంచిదా చెడ్డదా అని ఒక గుర్తు పెట్టమనండి. వరసగా చెడ్డ గుర్తులు పడుతుంటే ఎవరూ చెప్పక్కర్లేకుండా ఆవిడే డాక్టర్‌కి ఫోన్ చెయ్యమంటారు అని నా నమ్మకం.

ఒప్పుకోకపోతే? అప్పుడు మందులతో నొప్పి తెలియకుండా చూస్తూ ఆగండి. అయితే ఊపిరి అందక కొట్టుకుంటున్నా, మందు వేసినా అరుస్తున్నా ఆగకూడదు, అది ఎవరి దుఃఖం కోసమైనా సరే, ఆ మాట మాత్రం అమ్మగారికి ముందే, మొహం మీదే చెప్పాలి.

ఆ రోజు ఏం జరుగుతుందో కూడా ఆవిడకి తెలిసుండాలి. ముందు మత్తు ఇస్తారా అని డాక్టర్ని అడిగి ఖాయం చేసుకోండి. మత్తులోకి జారాక కాలి నరానికి సూది పెట్టి అందులోంచి మత్తుమందే పెద్ద డోసు ఎక్కిస్తారు, నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటాయి. ఒకటి రెండు సార్లు ఎగశ్వాసలా రావచ్చు, ఒళ్లు అదరొచ్చు, మూత్రం పోవచ్చు. ఇది ముందు చెప్పకపోతే ఇంకా బతికుంది, చంపేశారని గుండెలు బాదుకుంటారు. తల ఒళ్లో పెట్టుకోవాలంటే పెట్టుకోనివ్వండి. తర్వాత దహనానికైతే హైదరాబాద్‌లోనే ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది, ముందే కనుక్కుని ఉంచండి. సొంతూళ్లో చేలో పూడ్చాలని ఆవిడ అంటే మాత్రం గొయ్యి లోతుగా తీయించండి, ఆ మందు ఒంట్లో ఉండిపోతుంది, ఏ కుక్కో తవ్వి తింటే దానికీ ప్రమాదం.

ఖమ్మం టికెట్ బుక్ చేసుంటే క్యాన్సిల్ చేసి, అదే డబ్బుతో చెల్లెలికి అక్కడి నుంచి ఇక్కడికి తీయండి. ఆవిడ కూడా ఈ ప్లాన్‌కి తలూపింది కాబట్టి వచ్చి నాలుగు రోజులు రాత్రిపూట ఆ చాప దగ్గర డ్యూటీ చెయ్యమనండి, అమ్మగారు కాస్త పడుకుంటారు.