ఆ బియ్యం సంచి ఎవరు తెచ్చారో మీకు తెలుసు

దేవరకొండ దగ్గరి ఒక పల్లె నుంచి 34 ఏళ్ల సోదరుడు రాసిన ఉత్తరం ఇది:

"నేను బోరు మోటార్ల వైండింగ్ షాపు నడిపేవాణ్ణి. ఎనిమిది నెలల కింద ఉజ్జీవ కూటాల్లో దేవుడు నాతో మాట్లాడాడు. షాపు మూసేసి పూర్తిగా ఆయన మీదే ఆధారపడ్డాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేస్తాను, సాయంత్రం ఊళ్లలో సువార్త చెబుతాను. ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. అయినా బియ్యం అయిపోయిన ప్రతిసారీ పొద్దున వాకిట్లో సంచి ఉంటుంది. కరెంటు బిల్లు ఎవరో కట్టేసి ఉంటారు. 'ఎవరు తెచ్చారో నా దేవుడికే తెలుసు' అని, ఇది దేవుడు చేసిన మేలని సంఘంలో రెండుసార్లు సాక్ష్యం కూడా చెప్పాను. నా భార్య మాత్రం 'అదంతా మీ అమ్మ రెక్కల కష్టం' అంటుంది. నాన్న లేరు. అమ్మ వెనక గదిలో వేరుగా వండుకుంటుంది, పింఛను వస్తుంది, పత్తి ఏరడానికి పోతుంది. అమ్మ ద్వారా ఇచ్చినా ఇచ్చేది దేవుడే కదా? జార్జి ముల్లర్ వేలమంది అనాథలను ప్రార్థనతోనే పోషించలేదా? రెండు నెలలుగా నా భార్య సంఘానికి రావడం లేదు. ఆమెలో విశ్వాసం పెరగాలంటే ఏం చేయాలి? నేను బైబిల్ కాలేజీలో చేరవచ్చా?"

తమ్ముడూ, మీ భార్య విశ్వాసం సంగతి పక్కన పెట్టండి. ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. ఆ మాట మీకు గుచ్చుకుంది కాబట్టి ఆమెకు విశ్వాసం లేదని పేరు పెట్టారు. బైబిల్ కాలేజీ మాట ఇప్పుడు వద్దే వద్దు. నేను మాట్లాడాల్సింది మీ అమ్మ గురించి.

ఇంత ఉత్తరంలో ఆమెకు మీరిచ్చింది ఒకటి రెండు వాక్యాలు. "పత్తి ఏరడానికి పోతుంది" అని రాసి ముందుకు వెళ్లిపోయారు. పత్తి ఏరడం అంటే ఏమిటో మీ ఊళ్లో పుట్టిన మీకు నేను చెప్పాలా? పొద్దున్నే సద్ది కట్టుకొని, ఆటోలో ఒకరి మీద ఒకరు పడి పోవాలి. నడుముకు కట్టిన ఒడి నిండేదాకా వంగిన నడుము ఎత్తకూడదు. ఎండిన పత్తికాయల మొనలు గోళ్ల పక్కన చర్మాన్ని చీరేస్తాయి. సాయంత్రం తూకంలో ఎన్ని కిలోలు తేలితే అంత కూలి. రాత్రి ఆ వేళ్లతో పచ్చిపులుసు కలుపుకుంటే ప్రాణం పోయినంత మంట. ఆమె ఆ మంట ఓర్చుకుంటూ ఒక్కతే వెనక గదిలో తింటోంది. ముందు గదిలో మీరు దేవుడు పంపిన అన్నానికి స్తోత్రం చెబుతున్నారు.

ఒంటరి మహిళకో, భర్త పోయిన ఆడమనిషికో ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు. అందులో మీ కరెంటు బిల్లు పోగా ఆమె మందు గోళీలకు ఎంత మిగులుతుందో ఎప్పుడైనా అడిగారా?

ఆమె సంచిని అందరూ లేవకముందే ఎందుకు పెట్టి పోతుందో నాకు అర్థమవుతోంది. కోడలి ముందు కొడుకు తలవంచుకోకూడదని. మీరు మైకు పట్టుకొని "ఎవరు తెచ్చారో నా దేవుడికే తెలుసు" అన్న రోజున ఆమె ఎక్కడుంది? ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చొని వింటూ ఉండి ఉంటుంది. ఒక్క మాట అనలేదు. మీ పరువు ఆమె కాపాడుతోంది, తమ్ముడూ.

ఇచ్చేది దేవుడే కదా అన్నారు. నేనూ అదే నమ్ముతాను. ప్రార్థన చేసే ఇంట్లోనే పెరిగాను. మా నానమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి సంఘం కోసం వేరే డబ్బాలో వేసేది. బియ్యం తక్కువైన రోజు తన పళ్లెంలో తగ్గించుకునేది గానీ ఆ పిడికెడు మానేది కాదు. అది ఆమె నాట్లేసి తెచ్చిన బియ్యం. ఇంకొకరి కష్టం తీసి దేవుడికి పెట్టి, దాన్ని తన విశ్వాసం అని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మార్కు సువార్త 7వ అధ్యాయం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అమ్మానాన్నలకు పెట్టాల్సినదాన్ని "కొర్బాను", అంటే దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి తప్పించుకునేవాళ్ల మీద యేసు ఎంత కోపపడ్డాడో అందులో ఉంది. వాళ్లు తల్లికి పెట్టడం మాత్రమే మానేశారు. మీరు పెట్టడం మానేసి, ఆమె దగ్గర తీసుకుంటున్నారు కూడా. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు. మెత్తగా చెబితే మీరు వినరని కూడా తెలుసు. సిలువ మీద, అంత బాధలో, యేసు తన తల్లిని చూసి, శిష్యుడితో "ఇదిగో నీ తల్లి" అన్నాడు. ఆ శిష్యుడు ఆ గడియ నుంచే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. శిష్యరికం గురించి ఊరూరా చెబుతున్నారు కదా, ఈ వచనం మీద ఎప్పుడైనా ప్రసంగం చేశారా?

ముల్లర్ పేరు ఎత్తారు కాబట్టి ఆయన గురించి పూర్తిగా తెలుసుకోండి. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథలకు ఇల్లు తెరిచినవాడు ఆయన. ఎవరినీ అడగకుండా ప్రార్థన మీదే నడిపాడన్నది నిజం. అప్పు చేయనని నియమం పెట్టుకున్నదీ నిజమే. వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి, ఆ లెక్కలు ఏటా అచ్చు వేయించాడు. మీరూ ఒక నోటుపుస్తకం తీయండి. ఈ ఎనిమిది నెలల్లో ఇంట్లోకి వచ్చిన ప్రతి సంచీ, ప్రతి వందా ఎవరి చేతి మీదుగా వచ్చిందో రాయండి. రాయడానికి మీ భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమెకు మీకన్నా బాగా గుర్తుంటుంది.

మీకు పిలుపు రాలేదని నేననను. అది మీకూ దేవుడికీ మధ్య సంగతి. కానీ పౌలు డేరాలు కుట్టుకుంటూనే సంఘాలు కట్టాడు. "ఈ చేతులు కష్టపడినవి" అని అందరి ముందూ చెప్పుకోగలిగాడు. మీ చేతులకు రాగితీగ చుట్టడం తెలుసు. యాసంగి నాట్లు పడుతున్నాయి. మోటారు కాలిపోయి నీళ్లందక మడి నెర్రెలు విచ్చుతుంటే రైతుకు ఎంత టెన్షనో ఆ షాపులో కూర్చున్న మీకే తెలుసు. రాత్రంతా కూర్చొని వైండింగ్ చేసి పొద్దునకల్లా మోటారు చేతికిస్తే, ఆ ఇంటి అనుదినాహారం మీ చేతి మీదుగా వెళ్లినట్టే. పొద్దున ప్రార్థన ఉండనీయండి. సాయంత్రం సువార్తా ఉండనీయండి. మధ్యలో షట్టరు ఎత్తండి.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని రోజూ అంటున్నారు కదా, ఆ "మా"లో మీ అమ్మ ఉందా? ఉంటే ఆమె పొయ్యి వేరుగా ఎందుకుంది? కోడలికీ అత్తకూ పడదు అనకండి. మీ భార్య అన్న ఆ ఒక్క మాటలోనే అత్త కష్టం చూసి కడుపు తరుక్కుపోతున్నట్టుంది. ఆ ఇద్దరినీ కలపడానికి మీరు ఏమీ చేయనక్కర్లేదు, మధ్యలోంచి లేస్తే చాలు.

ఈ రాత్రి వెనక గదికి వెళ్లండి. ప్రసంగం చేయకుండా ఆమెతో కూర్చొని తినండి. ఆ వేళ్లు చూడండి. పొదుపు సంఘంలో ఎంత తెచ్చింది, కిరాణా కొట్లో ఎంత ఖాతా ఉంది అని అడగండి. ముందు చెప్పదు. మళ్లీ అడగండి. తేలినంతా నోటుపుస్తకంలో రాసుకొని, మొదటి మోటారు డబ్బుల నుంచే తీర్చడం మొదలుపెట్టండి.

మళ్లీ సాక్ష్యానికి నిలబడితే మాత్రం, ఆ బియ్యం తెచ్చింది మా అమ్మ అని చెప్పండి. అలా చెప్పే ముందు ఆమెను అడగండి. ఆమె వద్దంటే ఆ సాక్ష్యం ఇక చెప్పకండి.