గేరు బాక్సులో నీళ్లు

అంతర్వేది

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ పడవ వెనక తగిలించే ఇంజనులో గేరు ఆయిలు పాలెక్కువైన టీ రంగులో దిగిందన్నావు, నీళ్లు, ఆయిలు ఆపే రబ్బరు సీళ్ల సెట్టు మొత్తం కొనేస్తానన్నావు. ఆగరా అబ్బాయ్. ఆ రంగు చూస్తే నీళ్లు చేరాయని తెలుస్తుంది గానీ ఎటునుంచి చేరాయో తెలీదు. ఒకసారి నేనూ నీలాగే తొందరపడి ఒకే ఇంజనుకి ఫ్యాను (నీళ్లలో తిరిగి పడవని తోసే రెక్కలు) షాఫ్టు సీళ్లు రెండుసార్లు మార్చాను. మూడోసారి చూస్తే గేరు బాక్సు ఆయిలు కన్నాల్లో పై స్క్రూ వాషరు నలిగిపోయి ఉంది. ఆ వాషరు ఖరీదు టీ డబ్బులు. ఆ పడవ ఆసామి ఇప్పటికీ రేవులో కనబడితే 'టీ తాగుదామా' అని నవ్వుతాడు.

ఇంజనుని నిలువుగా నిలబెట్టి ఓ రాత్రి కదపకుండా వదిలెయ్యి. పొద్దున్నే కింది స్క్రూ కాస్త వదులు చెయ్యి, పూర్తిగా తియ్యకు. నీళ్లు ఆయిలుకన్నా బరువు కాబట్టి అడుక్కి చేరినవి ముందు కారతాయి. బాగా చిలికిపోయి ఉంటే విడిపోవు, తెల్లగానే దిగుతుంది. స్క్రూ కొసన అయస్కాంతం ఉంటే దానికి అంటింది వేళ్లతో నలిపి చూడు. మెత్తటి నల్ల ముద్దయితే మామూలు అరుగుదలే. ఇనప పెచ్చులు గుచ్చుకుంటే మాత్రం సీళ్ల సంగతి పక్కనపెట్టి గేర్లు విప్పాల్సిందే.

ఫ్యాను బొడ్డులో నల్లటి జిడ్డు ఉందని కంగారు పడకు. నీది టూ స్ట్రోకు, పొగ అటునుంచే బయటికి పోతుంది, కాలని ఆయిలు అక్కడే చేరుతుంది. గేరు ఆయిలుకైతే గంధకంలాంటి ఘాటు వాసన ఉంటుంది.

ఇక ఫ్యాను విప్పు. గుర్రపుడెక్క చుట్టుకుంటే ఇంజను ఈడ్చలేదు, నీకు అక్కడికక్కడే తెలుస్తుంది. నైలాను వల పోగు అలా కాదు. చప్పుడు లేకుండా ఫ్యాను వెనక చుట్టుకుని సీలు అంచుని కోసేస్తుంది. పోగు తీసేశాక షాఫ్టు మీద సీలు ఆనే చోట గోరుతో గీరు. గోరు గాడిలో పడితే కొత్త సీలు వేసినా నీళ్లు ఆగవు.

అసలు పరీక్ష గాలితో. గేరు బాక్సు దించి, ఆయిలు వంచేసి, కింది స్క్రూ బిగించి, పై స్క్రూ కన్నంలోంచి గాలి పెట్టు. సైకిలు పంపు చాలు, పంక్చరు షాపు కంప్రెసరు జోలికి పోకు. మంచి సీళ్లు కూడా ఎగిరిపోతాయి. పంపుకి గాలి ఒత్తిడి చూపే గేజీ పెట్టి, ముందు 3, 4 పౌండ్ల దగ్గర ఆపి చూడు, తర్వాత 10 దాకా పెంచు. కొన్ని సీళ్లు తక్కువ గాలికే కారతాయి, ఎక్కువ పెడితే బిగుసుకుని మోసం చేస్తాయి. గేజీ ముల్లు పది నిమిషాలు కదలకూడదు. కదిలిందా, సిమెంటు గోలెంలో ముంచు. ఫ్యాను షాఫ్టు చుట్టూ బుడగలొస్తే దాని సీలు, బేరింగు మూత అంచున వస్తే దాని O-రింగు (గుండ్రటి రబ్బరు రింగు), గేరు రాడ్డు దగ్గరయితే రాడ్డు సీలు, నీళ్ల పంపు అడుగునయితే ఇంజను నుంచి గేర్లకి దిగే నిలువు షాఫ్టు సీలు. ముంచి ఉంచే షాఫ్టులు తిప్పు, రాడ్డు కదుపు. ఊరికే ఉంటే కారని సీలు తిరిగేటప్పుడు కారుతుంది. నిలువు షాఫ్టుని గడియారం ముల్లు వైపే తిప్పు, ఎదురు తిప్పితే పంపు రబ్బరు రెక్కలు మడతపడతాయి. మొగలో, అంటే గోదారి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్లకి తిరిగే ఇంజను కాబట్టి బేరింగు మూత కింద అల్యూమినియం తిన్న గుంటలు ఉన్నాయేమో కూడా చూడు.

గాలి నిలిచినా నీళ్లు చేరుతున్నాయంటావా? చాలా ఇంజన్లలో సీళ్లు జంటగా, వీపులు ఆనించినట్టు ఉంటాయి. ఒకటి ఆయిలు ఆపడానికి, రెండోది నీళ్లు ఆపడానికి. గాలి పరీక్ష మొదటిదాన్నే చూస్తుంది. వేడెక్కిన బాక్సు చల్లటి నీళ్లలో ఆగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లు పీల్చుకుంటుంది. అందుకని గాలి లాగే చేతి పంపుతో కూడా చూడాలి. బ్రేకులు సర్వీసు చేసే మెకానిక్కుల దగ్గర దొరుకుతుంది.

బిగించేటప్పుడు రెండు వాషర్లూ కొత్తవే వెయ్యి. ఆయిలు కింది కన్నంలోంచి ఎక్కించి, పైన పొంగాక ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కిందిది.

వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది, తొందరేం లేదు. వేటకి దిగాక రెండు మూడు తిరుగుళ్లకి మళ్లీ ఓ రాత్రి నిలబెట్టి కింది స్క్రూ వదులు చేసి చూడు. నా గేజీ సఖినేటిపల్లి రేవు దాకా పంపిస్తాను, వచ్చి తీసుకెళ్లు.

మావయ్య